పాఠకుల ప్రశ్నలు: రేసు కారులో ఇంజిన్ వెనక్కి ఎందుకు వెళ్లింది?

ఈసారి డెల్టా ప్రాంతం నుంచి వచ్చిన ఉత్తరాల్లో అంతర్జాతీయ మోటారు రేసుల చరిత్ర మీద ప్రశ్నలు ఎక్కువగా ఉన్నాయి కాబట్టి, ఈ సంచికలో శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: పాత రేసు బొమ్మల్లో ఫ్రాన్సు కార్లు నీలంగా, ఇటలీ కార్లు ఎర్రగా ఉంటాయి. అది కంపెనీల ఇష్టమా, నియమమా? (పాలకొల్లు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: నియమమే. 1900లో మొదలైన గోర్డన్ బెన్నెట్ కప్పులో పోటీ దేశాల మధ్య జరిగేది. ఒక్కో దేశం తరఫున మూడు కార్లకు మించి దిగకూడదు, కారులోని ప్రతి భాగమూ ఆ దేశంలోనే తయారై ఉండాలి. కారు ఏ దేశానిదో రంగును బట్టి తెలిసేది. ఫ్రాన్సుది నీలం, జర్మనీది తెలుపు. 1903 పోటీ ఐర్లండులో జరిగినప్పుడు బ్రిటన్ ఆకుపచ్చ ధరించింది. ఎరుపు ఇటలీకి కాలక్రమంలో స్థిరపడింది. 1934లో మెర్సిడెస్ కారు 750 కిలోల పరిమితి కంటే ఒక్క కిలో ఎక్కువ తూగడంతో రాత్రికి రాత్రి తెల్లరంగు గీకివేశారనీ, అలా జర్మన్ కార్లకు వెండిరంగు వచ్చిందనీ ఒక కథ ప్రసిద్ధి పొందింది కానీ, చరిత్రకారుల్లో పలువురు దాన్ని అంగీకరించరు. 1968లో లోటస్ జట్టు తన కార్లకు ఒక సిగరెట్ కంపెనీ రంగులు వేసినప్పటి నుంచి దేశాల రంగుల స్థానాన్ని ప్రకటనలు ఆక్రమించాయి.

ప్రశ్న: 1950ల నాటి గ్రాండ్ ప్రి (పెద్ద అంతర్జాతీయ రేసు) కార్లలో ఇంజిన్ ముందుండేది, తర్వాత అన్నిటిలోనూ వెనక్కి వెళ్లింది. ఈ మార్పు ఎవరు తెచ్చారు? దాని వల్ల లాభమేమిటి? (అమలాపురం నుంచి ఒక డిప్లొమా విద్యార్థి)

జవాబు: లాభం ముందు చెబుతాను. కాలువ గట్టు మీద కావిడి మోసుకుంటూ వెళ్లే మనిషిని గమనించండి. ముందొక కుండ, వెనకొక కుండ వేలాడుతుండగా గట్టు మలుపు తిరగవలసి వస్తే అతను అడుగు నెమ్మదిస్తాడు, ఎందుకంటే కావిడి తిరగడానికి ఒక పట్టాన లొంగదు, తిరగడం మొదలుపెట్టాక ఒక పట్టాన ఆగదు. అంతే బరువును గంపలో పెట్టి నెత్తిన ఎత్తుకున్న మనిషి ఉన్నచోటనే చులాగ్గా తిరుగుతుంది. మీ పాఠ్యపుస్తకంలో జడత్వ భ్రామకం అన్నది ఇదే. ముందు ఇంజిన్, తోకలో పెట్రోలు ట్యాంకు, నడుమ డ్రైవరు ఉన్న పాత కారు కావిడి వంటిది. ఇంజిన్‌ను డ్రైవరు వీపుకూ వెనుక ఇరుసుకూ మధ్య, ట్యాంకులను అతనికి రెండు పక్కలా అమర్చిన కారు గంప వంటిది. పైగా ముందునుంచి వెనుక చక్రాలకు శక్తిని తీసుకుపోయే పొడవాటి షాఫ్టు అక్కర లేదు కాబట్టి బరువు తగ్గుతుంది, డ్రైవరును కిందికి దించి కూర్చోబెట్టవచ్చు, ఎదురుగాలికి అడ్డుపడే వైశాల్యం తగ్గుతుంది.

ఇంజిన్ వెనుక పెట్టడం 1950లలో పుట్టిన ఆలోచన కాదు. ఫెర్డినాండ్ పోర్షే రూపొందించిన జర్మన్ ఆటో యూనియన్ కార్లు 1934లోనే ఆ పద్ధతిలో పరుగెత్తాయి. అయితే వాటిది 16 సిలిండర్ల పొడవాటి బరువైన ఇంజిన్; డ్రైవరు దాదాపు ముందు చక్రాల దగ్గర కూర్చునేవాడు కాబట్టి వెనుక భాగం జారడం మొదలైన సంగతి అతనికి ఆలస్యంగా తెలిసేది. బెర్న్డ్ రోజ్‌మేయర్ వంటి కొద్దిమందికి మాత్రమే ఆ కార్లు లొంగాయి, ఆ అనుభవం చూసినవారికి ఈ పద్ధతి మీదే అనుమానం మిగిలింది.

ఆ అనుమానాన్ని తొలగించినవారు ఇంగ్లండులోని సర్బిటన్‌లో గరాజు నడుపుకునే తండ్రీకొడుకులు, చార్లెస్ కూపర్, జాన్ కూపర్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక తక్కువ ఖర్చుతో రేసులు ఆడాలనుకున్నవారి కోసం 500 సీసీ మోటారు సైకిల్ ఇంజిన్లతో వారు చిన్న కార్లు తయారుచేశారు. ఆ ఇంజిన్ చెయిను ద్వారా చక్రాలను తిప్పుతుంది కాబట్టి దాన్ని వెనుక చక్రాలకు దగ్గరగా పెట్టడమే సులువు. ఏ గొప్ప సిద్ధాంతమూ లేకుండా, చేతిలో ఉన్న సామానుతో పని జరుపుకోవడంలో దొరికిన ఈ అమరిక ప్రపంచంలోని ప్రతి రేసు కారు రూపాన్నీ మార్చివేసిందన్న విషయం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

1958 జనవరి 19న అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిరిస్‌లో జరిగిన గ్రాండ్ ప్రిలో ఇంగ్లండు డ్రైవరు స్టిర్లింగ్ మాస్ నడిపిన కూపర్ కారు ఇంజిన్ 2 లీటర్లకు కొంచెం తక్కువ, ప్రత్యర్థి ఫెరారీలవి 2.4 లీటర్లు. కూపర్ చక్రాలు నాలుగేసి బోల్టులతో బిగించినవి. వాటిని విప్పి బిగించడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి టైర్లు మార్చడానికి ఆగితే రేసు పోయినట్టే. ఆగబోతున్నట్టు భ్రమ కలిగించడానికి అతని మెకానిక్కులు పిట్‌లో (రేసు మధ్యలో కార్లు ఆగే చోట) టైర్లు సిద్ధంగా పెట్టి నిలబడ్డారు, ఫెరారీ వారు దాన్ని నమ్మి తొందరపడలేదు. మాస్ ఆగలేదు. రబ్బరు అరిగి లోపలి గుడ్డ బయటపడిన టైర్లతో, వెనుక నుంచి ఫెరారీ డ్రైవరు లుయీజీ ముస్సో తరుముకొస్తుండగా, 2.7 సెకన్ల తేడాతో గెలిచాడు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ గ్రాండ్ ప్రిలో వెనుక ఇంజిన్ కారుకు అది మొదటి విజయం.

1959, 1960 సంవత్సరాల్లో ఆస్ట్రేలియాకు చెందిన జాక్ బ్రాభమ్ కూపర్ కారులోనే ప్రపంచ విజేత అయ్యాడు. మొదటిసారి, అమెరికాలోని సీబ్రింగ్‌లో ఆఖరి ల్యాప్‌లో పెట్రోలు అయిపోతే కారును గమ్యరేఖ వరకు తోసుకుంటూ వెళ్లి నాలుగో స్థానంతో బిరుదు దక్కించుకున్నాడు. గుర్రం బండిని లాగుతుంది గానీ తోయదని ఎంజో ఫెరారీ అన్నట్టు ప్రచారంలో ఉంది. ఆయన కంపెనీ కూడా 1961లో వెనుక ఇంజిన్‌తోనే బిరుదు గెలిచింది. అమెరికాలోని ఇండియానాపోలిస్ 500 రేసు మాత్రం 1965లో జిమ్ క్లార్క్ లోటస్‌లో గెలిచేవరకు ముందు ఇంజిన్ల కోటగానే నిలిచింది.

ప్రశ్న: ఈ రేసుల్లో మన దేశంవారు ఎవరైనా ఉన్నారా? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టుతో ఫార్ములా వన్‌లో ప్రవేశించిన తొలి భారతీయుడు. కరుణ్ చంధోక్ 2010లో ప్రవేశించాడు. 2011 నుంచి 2013 వరకు గ్రేటర్ నోయిడాలో జరిగిన ఇండియన్ గ్రాండ్ ప్రి మూడుసార్లూ సెబాస్టియన్ వెటెల్‌కే దక్కింది. విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన జరిగింది.

ప్రశ్న: ఒక్కసారి కూడా ప్రపంచ విజేత కాని స్టిర్లింగ్ మాస్‌ను మహా డ్రైవర్ల వరసలో ఎందుకు చేర్చుతారు? (నరసాపురం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు)

జవాబు: ఇటలీలో వెయ్యి మైళ్ల మిల్లే మీలియా రేసును 1955లో మామూలు రోడ్ల మీద, గంటకు 157 కిలోమీటర్లకు పైబడిన సగటు వేగంతో, 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో ముగించినవాడు మాస్. పక్క సీటులోని డెనిస్ జెంకిన్సన్ ముందుగానే దారి పొడవునా మలుపులన్నీ రాసుకున్న పొడవాటి కాగితపు చుట్టను విప్పుకుంటూ చేతి సైగలతో దారి చెప్పాడు. ఆ ఒక్క పరుగు చాలు. అయినా నేను మాస్‌ను గౌరవించేది అంతకంటే 1958 పోర్చుగల్ రేసు కోసం. పోర్టోలో జరిగిన ఆ రేసులో మాస్ గెలిచాడు, బిరుదు కోసం అతనితో పోటీ పడుతున్న మైక్ హాథార్న్ రెండోవాడుగా వచ్చాడు. ఆగిపోయిన కారును తిరిగి నడిపించే క్రమంలో హాథార్న్ రేసు దిశకు ఎదురుగా కదిలాడని ఆరోపణ వచ్చి, అతని ఫలితాన్ని రద్దుచేసే పరిస్థితి ఏర్పడింది. అప్పుడు మాస్ స్వయంగా అధికారుల ముందుకు వెళ్లి, కారు కదిలింది రేసు దారి మీద కాదనీ, పక్కనున్న కాలిబాట మీదనీ సాక్ష్యం చెప్పాడు. హాథార్న్‌కు రెండో స్థానపు పాయింట్లు నిలిచాయి. ఆ ఏడాది మాస్ 4 రేసులు గెలిచాడు, హాథార్న్ ఒక్కటే. మొరాకోలో ఆఖరి రేసును మాస్ గెలుచుకున్నా హాథార్న్ రెండో స్థానంలో రావడంతో, ప్రపంచ బిరుదు 42-41తో అతని వశమైంది.