సైకిల్ భాగాలకు ఇంట్లో పెయింట్ వేస్తే మళ్లీ సరిగ్గా బిగుస్తాయా?

బిగుస్తాయి, కాకపోతే ఒకదానిలో ఒకటి దూరే చోట, థ్రెడ్లు ఉన్న చోట, బేరింగ్ కూర్చునే చోట పెయింట్ పడకూడదు. ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత), రంగు, పైన క్లియర్ కోటు (రంగులేని పూత) కలిస్తే మందం సుమారు 0.1 మిల్లీమీటర్ అవుతుంది. గుండ్రటి భాగమైతే రెండు వైపులా కలిపి 0.2 పెరిగినట్టే. 27.2 మిల్లీమీటర్ల వ్యాసమున్న సీట్ పోస్టుకు (సీటును మోసే గొట్టం) నిలువునా రంగు వేస్తే ఫ్రేములోకి దిగడం కష్టం. బలవంతంగా తోస్తే రంగు చెక్కుకుపోయి అంచు దగ్గర ముద్ద కడుతుంది. అందుకే లోపలికి వెళ్లే మేర గీత పెట్టుకుని మాస్కింగ్ టేప్ చుట్టాలి. బోల్టు రంధ్రాల్లో పాత బోల్టులు బిగించి ఉంచితే చాలు. రిమ్ మీద బ్రేకు రబ్బరు ఒరుసుకునే అంచుకు మాత్రం రంగు అసలు తగలనివ్వద్దు, అది ప్రాణాలతో పని.

"గట్టిగా బిగిస్తే రంగే సర్దుకుంటుంది" అని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు: బోల్టు కింద రంగు నలిగి పలచబడేకొద్దీ బిగువు తగ్గి, బోల్టు వదులవుతుంది.