న్యూట్రినోల వేట చదివితే ఉపాధి ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. విశ్వంలో న్యూట్రినోలు ఎక్కడ పుడుతున్నాయో వెతికే పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. మేము కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ అనుకుంటున్నాం. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అమ్మాయి కోరుకుంటున్న పని ఎలాంటిదో ముందు మీరూ తెలుసుకోండి. దక్షిణ ధ్రువం దగ్గర, మంచు లోపల ఒకటిన్నర నుంచి రెండున్నర కిలోమీటర్ల లోతున 5,160 కాంతి గ్రాహకాలు వేలాడుతున్నాయి. న్యూట్రినోలను పట్టే ఐస్‌క్యూబ్ ప్రయోగశాల అంటే అదే. న్యూట్రినో అంటే విద్యుదావేశం లేని, అతి తేలికైన కణం. అది భూమిని సైతం ఆగకుండా దాటిపోతుంది. ఎప్పుడో ఒకటి మంచులో ఢీకొంటే నీలికాంతి మెరుస్తుంది. ఆ మెరుపు ఏ గ్రాహకాన్ని ముందు తాకింది, దేన్ని తర్వాత తాకింది అన్న లెక్కతో అది వచ్చిన దిక్కు కనిపెడతారు. చిక్కల్లా, మన వాతావరణంలోనే పుట్టిన న్యూట్రినోలు ఏటా లక్ష దాకా అందులో పడతాయి. దూరపువాటిని వాటిలోంచి ఏరాలి. ఎన్‌జీసీ 1068 గెలాక్సీ వైపు నుంచి అదనంగా వచ్చినట్లు తేలినవి తొమ్మిదేళ్ల సమాచారంలో సుమారు 79. ఆ ఫలితం 2022లో వెలువడింది. అంత ఓపిక ఆమెకు ఉందా అన్నదే నన్నడిగితే అసలు ప్రశ్న.

ఉపాధి సంగతి. 2023లో పాలపుంత న్యూట్రినోల ఆనవాలు బయటపడింది మెషీన్ లెర్నింగ్ సాయంతోనే. గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగ్ చేతికి వచ్చినవారు రేపు పరిశోధన మానుకున్నా డేటా ఉద్యోగాల్లో కుదురుకోగలరు. అయినా డిగ్రీ ఫిజిక్స్‌లోనే చేయించండి. ప్రోగ్రామింగ్ దారిలో నేర్చుకోవచ్చు, ఫిజిక్స్ పునాది మాత్రం ఇప్పుడే పడాలి. సైన్స్ చదువుకూ పరిశోధనకూ పేరున్న జాతీయ సంస్థల ప్రవేశ పరీక్షలు, అంటే తిరుపతి ఐసర్‌కు ఐఏటీ, భువనేశ్వర్ నైసర్‌కు నెస్ట్ రాయించండి. ఇంటర్ పరీక్షల హడావుడిలో వాటి గడువులు జారిపోకుండా చూసుకోండి.

ఒక మాట దాచను. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు అందుతాయి కానీ, స్థిరమైన ఉద్యోగం ముప్పై దాటాకే. సీట్లూ తక్కువే. మన దేశానికి ఈ రంగం కొత్తేమీ కాదు: వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను మొట్టమొదట పట్టిన చోట్లలో కోలార్ బంగారు గని ఒకటి, 1965లో.

ఐస్‌క్యూబ్ బృందం 2008–2018 మధ్య సమాచారాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చింది. సెలవుల్లో కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని దాన్ని తెరవమనండి. ఒక్కో వరుసలో ఒక్కో కణం తగిలిన సమయం, దాని శక్తి, వచ్చిన దిక్కు ఉంటాయి. మీరూ పక్కన కూర్చుని, ఎన్‌జీసీ 1068 ఆకాశంలో ఏ మూల ఉందో చూపించమని అడగండి.