సెమినరీ చరిత్ర రాయబోయే మేనల్లుడికి

పెరంబూరు, చెన్నై

ప్రియమైన మేనల్లుడికి,

ప్రభువు పేరట మామయ్య దీవెనలు. తెలుగు బాప్టిస్టు సంఘాలకు పాస్టర్లను తయారుచేసిన మన రామాయపట్నం సెమినరీ ఇన్నేళ్లలో ఎలా పెరిగిందో చిన్న పుస్తకంగా రాసిపెట్టమని సంఘపెద్దలు నిన్ను అడిగారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "వాడికి ఆ బెంగళూరు ఆఫీసు పనికే తీరిక లేదు, ఇదెందుకు నెత్తికెత్తుకున్నాడో" అని కాసేపు నసిగింది కూడా. దాని మాట పట్టించుకోకు, లోపల సంతోషంగానే ఉంది.

నువ్వు పంపిన విషయసూచిక చూశాను. మొదటి అధ్యాయం స్థాపన. రెండోది మొదటి ప్రిన్సిపాలుగారు, మూడోది రెండో ప్రిన్సిపాలుగారు, అలా చివరిదాకా వాళ్లే. ఆఖర్న భవనాల ఫొటోలు. ఇలా రాస్తే పుస్తకం అచ్చవుతుంది, శాలువాలు కప్పుతారు, అందరి ఇళ్లలో బీరువా మీదకు చేరుతుంది. చదివేవాడు ఒక్కడూ ఉండడు. ఆ వరుస వెనక అనుబంధంలో పెట్టుకో, తప్పులేదు. పుస్తకం మాత్రం సంఘాల వైపు నుంచి మొదలుపెట్టు. ఏ కాలం గురించి రాస్తున్నా, ఆ రోజుల్లో ఏ ఊళ్లవాళ్లకు పాస్టర్లు కావాల్సొచ్చింది, ఎంతమంది కావాల్సొచ్చింది అని ముందు అడుగు. మన సెమినరీ తనంతట తాను పెరగలేదు. ఊళ్లు తోస్తే పెరిగింది, ఊళ్ల అవసరం ఇంకో దారి పట్టినప్పుడు తగ్గింది.

1878 సంగతే తీసుకో. అందరూ రాసేదే, కానీ సగమే రాస్తారు. ఒంగోలు సంఘం 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైంది. 1876లో పట్టిన కరువు 1878 దాకా వదల్లేదు. ఆ కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. మన ప్రీచర్లే మేస్త్రీలు. పగలు కూలీల చేత మట్టి తీయించేవాళ్లు, సాయంత్రం వాళ్లతోనే కూర్చుని వాక్యం చెప్పేవాళ్లు. కూలి డబ్బుల కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని, పని నడిచినన్నాళ్లూ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. పని ఆగాక జనం విరగబడ్డారు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంవత్సరాంతానికి ఒంగోలు సంఘం 12,000 దాటింది.

ఇక్కడిదాకా అందరూ రాస్తారు. నువ్వు ఆగి చూడాల్సింది ఆ నీళ్లలో ఎవరు నిలబడ్డారో. దొర దిగలేదు. ఆరుగురు తెలుగు ప్రీచర్లు, ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని, ఇద్దరు అలిసిపోతే మరో ఇద్దరు దిగి, పొద్దున్నుంచీ ఆ పని చేశారు. మర్నాడు పొద్దున ఏమైందన్నది నీ పుస్తకానికి అసలు విషయం. వేలమంది పేదలు, చాలామందికి అక్షరం ముక్క రాదు, పదుల కొద్దీ పల్లెల్లోని మాదిగవాడల్లో చెదిరి ఉన్నారు. వాళ్ల పెళ్లిళ్లు ఎవరు చేయాలి? చావులకు ఎవరు రావాలి? పిల్లలకు బడి ఎవరు చెప్పాలి? రామాయపట్నంలో సెమినరీ 1870ల మొదట్లో పెట్టారు. అంటే అప్పటికి దానికి పదేళ్లయినా లేవు. ఆ మీద పడ్డ భారంతో అది నిజంగా సెమినరీ అయింది. నన్నడిగితే నీ మొదటి అధ్యాయం గుండ్లకమ్మ ఒడ్డున మొదలవ్వాలి. శంకుస్థాపన రాయి తర్వాత చూసుకోవచ్చు.

అంతకుముందు సంగతి క్లుప్తంగా చెప్పు. ఈ మిషన్ మొదలుపెట్టిన శామ్యూల్ డే దొర 1837 నుంచి మూడేళ్లు మన మద్రాసులోనే ఉండి, 1840లో నెల్లూరు వెళ్లాడు. 1853లో అమెరికాలో కమిటీవాళ్లు ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అనేదాకా వచ్చి ఆగారు. నెల్లూరు మిషనరీ జ్యూయెట్ దొర పట్టుబట్టి నిలిచాడు. రెండు మూడు పేరాలు చాలు. యర్రగుంట్ల పేరయ్య గురించి మాత్రం కాస్త చోటిచ్చి రాయి. ఏ సెమినరీ గడపా తొక్కకముందే ఊరూరా తిరిగి చెప్పినవాడు ఆయన. సెమినరీకి ముందే ప్రీచర్లు ఉన్నారని చదివేవాళ్లకు తెలియాలి.

ఇక కాగితాల సంగతి. నువ్వు ఎక్కువగా ఆధారపడబోయేది మిషన్ వార్షిక రిపోర్టుల మీద. అవి బోస్టన్‌లో ఉన్న ఆఫీసుకు, అక్కణ్ణుంచి చందాలిచ్చే అమెరికా సంఘాలకు వెళ్లడానికి రాసినవి. అబద్ధాలని కాదు. చందా అడిగేవాడు రాసిన కాగితమని గుర్తుపెట్టుకుని చదువు. బాప్తిస్మాల లెక్క గట్టిగా ఉంటుంది, ఎందుకంటే అదే వాళ్లు గర్వంగా చూపించేది. చదువు మధ్యలో మానేసి వెళ్లిపోయిన విద్యార్థి గురించి వెతికితే గానీ దొరకదు. ఒక ఏడాది రిపోర్టులో "బాగా సాగుతోంది" అని ఉండి, మరుసటేడు విద్యార్థుల సంఖ్యే కనిపించకపోతే అక్కడ వేలు పెట్టి ఆగు. ఏదో జరిగింది. కరువో, కలరానో, గ్రాంటు కోతో, దొరల మధ్య పొరపొచ్చాలో. అలాంటి ఖాళీల్లోనే నీకు మంచి అధ్యాయాలు దొరుకుతాయి.

నువ్వు బెంగళూరులో ఉండటం కలిసొచ్చింది. మిల్లర్స్ రోడ్డులో యునైటెడ్ థియలాజికల్ కాలేజీ ఉంది కదా, 1910లో పెట్టింది. దాని ఆర్కైవ్స్‌లో దక్షిణాది మిషన్ల కాగితాలు బాగా ఉన్నాయి. ముందే ఈమెయిల్ పెట్టి అనుమతి తీసుకుని వెళ్లు, చేతులూపుకుంటూ వెళితే గేటు దగ్గరే ఆగుతావు. అమెరికా బాప్టిస్టుల అసలు ఉత్తరాలు అట్లాంటాలో ఉన్నాయి, కెనడా వాళ్లవి హామిల్టన్‌లో మెక్‌మాస్టర్ దగ్గర. ఉత్తరాలు రాసి అడిగితే జవాబిస్తారు. ఇక్కడ చెన్నైలో పాత సర్కారు కాగితాలుండే ఎగ్మూరు ఆర్కైవ్స్ సంగతి నేను చూస్తాను. ఆ రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, 1904లో గుంటూరు జిల్లాకు మారింది. అది తెలియక వెతికితే కరువు కాగితాలు ఎంత వెతికినా దొరకవు. ఈ ముక్క నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకో.

కాగితాల్లో లేనిది ఇళ్లలో ఉంది. మీ ముత్తాతగారు రామాయపట్నంలో చదివినప్పటి గ్రూపు ఫొటో నా దగ్గరుంది, నువ్వు చిన్నప్పుడు చూశావో లేదో. మధ్యలో కుర్చీల్లో దొరలు, దొరసానులు. వెనక నిలబడ్డ విద్యార్థులు తలపాగాలు, మెడదాకా బొత్తాలు పెట్టిన తెల్లకోట్లు, కింద చూస్తే వట్టికాళ్లు. ముందు నేలమీద వాళ్ల భార్యలు, ఒకావిడ ఒళ్లో కదిలిపోయిన బిడ్డ, మొహం మసకగా పడింది. ఫొటో కింద ఇంగ్లీషులో దొరల పేర్లన్నీ ఉన్నాయి. మనవాళ్లందరికీ కలిపి "విద్యార్థులు" అని ఒక్క మాట. మా నాన్న పెన్సిల్‌తో ఏడుగురి పేర్లు వెనక రాశాడు. మిగతావాళ్లు ఎవరో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. ఇలాంటి ఫొటోలు కావలి, కందుకూరు, ఒంగోలు వైపు ఎన్నో ఇళ్ల గోడల మీద చెదలు పడుతున్నాయి. నీ పుస్తకంలో ఏ ఫొటో వేసినా కింద మనవాళ్ల పేర్లు ఉండాలి. పేరు తెలియనప్పుడు "గుర్తుపట్టినవాళ్లు చెప్పగలరు" అని అచ్చు వేసి నీ ఫోన్ నంబర్ ఇవ్వు. చూస్తుండు, ఎన్ని ఫోన్లు వస్తాయో.

నేలమీద కూర్చున్న ఆ భార్యల గురించి కూడా అడుగు. పెళ్లయిన విద్యార్థులు కుటుంబాలతో వచ్చి కాంపౌండులో ఉండేవాళ్లు, భార్యలకూ పాఠాలు ఉండేవి. వాళ్లే తిరిగి ఊరికి వెళ్లి ఆడవాళ్ల మీటింగులు నడిపారు, సండే స్కూలు చెప్పారు, కొందరు బైబిలు స్త్రీలుగా ఇల్లిల్లూ తిరిగారు. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు పాస్టరుగారి దగ్గర అరగంట కూర్చుంటే పాస్టరమ్మగారి దగ్గర గంట కూర్చో. ఆయన తన ఆర్డినేషన్, అంటే పాస్టరుగా అభిషేకం పొందిన తేదీ చెబుతాడు. జీతం రాని నెలల్లో ఇల్లెలా గడిచిందో ఆవిడ చెబుతుంది.

డబ్బు సంగతి దాటవేయకు. అమెరికాలో 1929 తర్వాత మాంద్యం వచ్చినప్పుడు ఇక్కడికి వచ్చే గ్రాంట్లు తగ్గాయి. ఊరి సంఘాలు తమ ఉపదేశిని, అంటే ఊళ్లో వాక్యం చెప్పేవాణ్ణి, తామే పోషించుకోవాలన్న మాట అంతకుముందు నుంచీ ఉన్నా, అప్పటి నుంచి అది గట్టిగా వినబడింది. మీ అమ్మమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేది. ఆదివారం అది గుడికి వెళ్లేది. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు కూడా ఆ కుండ ముట్టనిచ్చేది కాదు, దానికోసం తాతయ్యతో మాటా మాటా అనుకునేవాళ్లు. నీ పుస్తకంలో ఒక పట్టిక వెయ్యి: ఒక పక్క మిషన్ గ్రాంటు, రెండో పక్క సంఘాల కానుకలు, దొరికిన సంవత్సరాల వరకే. దొరకని చోట ఖాళీ వదిలెయ్, ఊహించి నింపకు.

డిగ్రీల సంగతికి వచ్చేసరికి జాగ్రత్త. ఇక్కడే అందరూ ఎదుగుదల అనే మాటను తేలిగ్గా వాడేస్తారు. కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే మిషనరీలు కలిసి 1818లో బెంగాల్‌లో సెరంపూర్ కాలేజీ పెట్టారు. 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో దానికి డిగ్రీలిచ్చే హక్కు వచ్చింది, 1918 చట్టంతో అది స్థిరపడింది. ఈనాటికీ మన దేశంలో చాలా సెమినరీల బి.డి.లు (పాస్టర్ల డిగ్రీలు) ఆ సెరంపూర్ సెనేట్ ఇచ్చేవే. మన రామాయపట్నం మాత్రం పల్లెకు పాస్టర్‌ని తయారుచేయడానికి తెలుగులో పాఠం చెప్పిన చోటు. 1964లో లూథరన్లు, బాప్టిస్టులు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), మెథడిస్టులు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ థియలాజికల్ కాలేజీ పెట్టారు, తర్వాత అది హైదరాబాద్‌కు మారింది. పైచదువు అటు పోయింది. దీన్ని ఎదుగుదల అని రాస్తావా, తగ్గుదల అని రాస్తావా? రెండూ అని రాయి, భయపడకు. డిగ్రీ ఉన్న పాస్టరు టౌను సంఘానికి కావాల్సినవాడు. కానీ హైదరాబాదులో నాలుగేళ్లు ఉండి వచ్చినవాణ్ణి కరెంటు సరిగా లేని పల్లెకు పంపితే ఎన్నాళ్లు ఉంటాడు? ఈ ప్రశ్న అడిగితే కొందరు పెద్దలు మొహం మాడ్చుకుంటారు. అడుగు. ఆ కాలంలో చదివినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటాయి, కాబట్టి ఆర్కైవ్స్ కంటే ముందు వాళ్ల ఇళ్లకు వెళ్లు. కాగితం వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటుంది.

ఉత్తరాన కెనడా బాప్టిస్టుల కథ కూడా పక్కనే పెట్టి చూసుకో. మెక్‌లారిన్ దొర మొదట మన అమెరికన్ మిషన్ వైపు పనిచేసి, 1874లో కాకినాడ వెళ్లాడు. అక్కడ పని మొదలుపెట్టింది థామస్ గాబ్రియేల్ అనే తెలుగు మనిషి. ఎనిమిదేళ్లకు 1882లో సామర్లకోటలో వాళ్ల సెమినరీ వచ్చింది. పోల్చి చూస్తే మనది ఎక్కడ వేరో తెలుస్తుంది. ఒక పేజీ మించకు, లేదంటే కాకినాడవాళ్లు తమకు తక్కువ రాశావంటారు, మనవాళ్లు వాళ్లకు ఎక్కువ రాశావంటారు.

ఆస్తుల తగాదాల గురించి ఎవరో ఒకరు నీ చెవిలో ఊదుతారు. చాయ్ ఇప్పించి మరీ ఊదుతారు. తీర్పు కాపీ చేతిలో ఉంటే తేదీతో రాయి. లేకపోతే ఆ చాయ్ తాగేసి వచ్చెయ్.

అచ్చుకు ఇచ్చేముందు ప్రూఫు ఇద్దరికి చూపించు. సెమినరీలో చదివిన పాత పాస్టరు ఒకరు, బాప్టిస్టు సంఘాల గురించి ఏమీ తెలియని మనిషి ఒకరు. నీ ఆఫీసు స్నేహితుల్లో తెలుగు చదవగలిగినవాళ్లు ఉంటారుగా. "సమావేశం" (మన తెలుగు బాప్టిస్టు సంఘాల సంస్థ), "ఫీల్డు" (ఒక మిషన్ కేంద్రం కింది ఊళ్లు), "ఆర్డినేషన్" లాంటివి రెండోవాళ్లకు అర్థం కాకపోతే అక్కడే ఒక వాక్యంలో చెప్పు.

రామాయపట్నం మాత్రం వేసవి లోపలే వెళ్దాం. అక్కడ పోర్టు పనులు మొదలయ్యాక చుట్టుపక్కల రూపం మారిపోతోందంటున్నారు, పాత కాంపౌండు ఫొటోలు ఇప్పుడే తీసుకోవాలి. నువ్వు శుక్రవారం సాయంత్రం బెంగళూరులో రైలెక్కి మా ఇంటికి వచ్చెయ్. శనివారం కావలి దాకా రైల్లో వెళ్లి అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకుందాం. వచ్చేటప్పుడు ఉలవపాడు మామిడికాయలు తెమ్మని మీ అత్తయ్య ఇప్పటికే సంచి తీసి పెట్టింది. ఆ గ్రూపు ఫొటో స్కాన్ చేయించి వాట్సాప్‌లో పంపుతాను. వెనకున్న పెన్సిల్ రాత కూడా విడిగా తీయిస్తాను. అందులో మూడో పేరు నాకు సరిగా అందడం లేదు, మీ అమ్మకు చూపించు.

మీ మామయ్య