బుజ్జికి, కంటి క్యాంపు గురించి

బుజ్జీ,

నువ్వు మీ లయన్స్ క్లబ్బుకి ప్రెసిడెంటువయ్యావనీ, సంక్రాంతి వెళ్ళగానే కంటి క్యాంపు పెడుతున్నావనీ మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. ముందు సంతోషంతో కడుపు నిండిపోయింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. "పిల్లకి పదవొస్తే మీకెందుకండీ టెన్షన్" అని మీ పెద్దమ్మ అటు తిరిగి పడుకుంది. నేను లేచి కాగితం తీశాను. అక్షరాలు ఇంత లావుగా ఎందుకున్నాయో తర్వాత చెప్తాను.

నేను క్లబ్బులో చేరిన రోజుల్లో ఆడవాళ్ళకి మెంబర్‌షిప్పే లేదు. 1917లో షికాగోలో పుట్టిన సంస్థ, 1987లో గానీ వాళ్ళకి తలుపు తీయలేదు. ఆ గాలి మా మండలం దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. క్యాంపు రోజున మీ పెద్దమ్మ లాంటివాళ్ళంతా పులిహోర కలిపే దగ్గరే ఉండేవాళ్ళు. ఇప్పుడు నువ్వు గంట కొట్టి మీటింగు మొదలుపెడుతున్నావంటే చూడాలనిపిస్తోంది. మీ టెయిల్ ట్విస్టర్, అదే, మీటింగులో సరదా జరిమానాలు వేసేవాళ్ళు, ఎవరోగానీ, కోటుకి పిన్ను పెట్టుకోని వాళ్ళ దగ్గర జరిమానా గట్టిగా వసూలు చెయ్యమను. నా దగ్గర ఎన్నిసార్లు వసూలు చేశారో!

సరే, పనిలోకి వస్తాను. జిల్లా వైద్యాధికారి అనుమతి ముందే తీసుకో. సంత రోజున, నాట్ల రోజుల్లో క్యాంపు పెట్టకు. ఆటోకి మైకు కట్టి రెండు రోజులు తిప్పితే చాలు. నీళ్ళు, నీడ, ఆడవాళ్ళకి మరుగుదొడ్డి చూసుకో. జనం దగ్గర చందా తీసుకున్న డబ్బు సేవా ఖాతాలోనే ఉండాలి. అందులోంచి మీ మీటింగు భోజనాలకి ఒక్క రూపాయి తీయకూడదు. అది మీ సంస్థ పెట్టుకున్న నియమమే, ట్రెజరర్ ఎంత బతిమాలినా సరే. మగవాళ్ళు ఎలాగో వచ్చేస్తారు. ముసలమ్మలే రారు, తోడొచ్చేవాళ్ళు ఉండరు గనక. బస్సుని వాళ్ళ వీధి చివరిదాకా పంపించు.

ఇవన్నీ నీకు తెలిసినవే. అసలు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి వేరే ఉంది.

మా ఇంట్లో గాజు బీరువాలో సింహం బొమ్మున్న షీల్డు గుర్తుందా? సెలవులకి వచ్చినప్పుడల్లా ఆ సింహం మీద వేలు తిప్పుతూ "పెదనాన్నా, ఇది నీకెందుకిచ్చారు?" అని అడిగేదానివి. "వందమందికి కళ్ళు తెప్పించినందుకమ్మా" అనేవాణ్ణి. వందమందికి కాదు. ఆ లెక్క ఇన్నేళ్ళకి నీకు చెప్తున్నాను.

1988 చలికాలం. అప్పుడు నేను క్లబ్బు సెక్రటరీని. ఆ రోజుల్లో ఆపరేషన్లు కూడా క్యాంపులోనే చేసేవాళ్ళు. హైస్కూల్లో బెంచీలు బయటపెట్టి, గోడలకి సున్నం కొట్టి, ఫార్మలిన్ పొగ పెట్టి, రెండు గదులు ఆపరేషన్ థియేటరన్నాం. కంట్లో ఇప్పట్లా లెన్సు పెట్టడం మా పల్లెల దాకా ఇంకా రాలేదు. శుక్లం తీసేసి, తర్వాత సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చేవాళ్ళు. అంతకు రెండేళ్ళ ముందే, 1986లో, ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో ఒక కంటి శిబిరంలో ఆపరేషన్ చేయించుకున్న 80 మందికి పైగా ఆ కంటి చూపు పోగొట్టుకున్నారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ వార్త పేపర్లో చదివి "అంత అజాగ్రత్త ఏమిటయ్యా" అన్నవాణ్ణి నేనే.

జిల్లాలో ఎవరూ ఒకే క్యాంపులో వంద చేయలేదని ఎవరో అన్నారు. అంతే, నాకు పిచ్చి పట్టింది. క్యాంపు ఇంకా మొదలవకముందే "వంద ఆపరేషన్లు" అని బట్ట బ్యానరు రాయించేశాను. రెండో రోజు సాయంత్రానికి లెక్క తొంభై తొమ్మిది దగ్గర ఆగింది. స్కూటరేసుకుని పక్క ఊరికి వెళ్ళి, కంట్లో శుక్లం వచ్చిందని విన్న ఒక ముసలమ్మని వెనకాల ఎక్కించుకుని వచ్చాను. వస్తూ వస్తూ అడిగింది: "నా కాలు పుండు సంగతి చెప్పాలా బాబూ?" మడమ దగ్గర పుండు, నెలరోజులుగా మానలేదట. "అడిగితే చెబుదువుగానిలే" అన్నాను.

డాక్టరుగారు అడిగారు. ఒంటి మీద పుండ్లు, గడ్డలు ఏమైనా ఉన్నాయా అని అందరినీ అడిగినట్టే ఆమెనీ అడిగారు. ఆమె నావైపు చూసింది. నేను ఆమె చీర కుచ్చెళ్ళ వైపు చూశాను. పాదాలు కనిపించడం లేదు. "ఏమీ లేవండీ" అన్నాను, ఆమె బదులు నేను. షుగరు పరీక్ష కిట్లు అయిపోయాయి, ఇంక ఒక్కరేగా అని అదీ వదిలేశాం. ఏ కన్నో తెలిసేలా నుదుటి మీద ప్లాస్టరు ముక్క అంటిస్తారు కదా, దాని మీద స్కెచ్ పెన్నుతో 100 అని నా చేత్తోనే రాశాను. రాస్తూ రెండో సున్నా కొంచెం గుండ్రంగా దిద్దాను కూడా. ఆ దిద్దడం గుర్తొస్తే ఇప్పటికీ చెయ్యి ముడుచుకుంటాను.

మూడో రోజుకి కంట్లో చీము పట్టింది. పట్నం తీసుకెళ్ళాం. కన్ను తీసేయాల్సి వచ్చింది. పుండు వల్లనా, షుగరు వల్లనా, పాఠశాల గది వల్లనా అన్నది అక్కడి డాక్టర్లు ఏదీ గట్టిగా చెప్పలేదు. వాళ్ళు చెప్పినా చెప్పకపోయినా ఆ "ఏమీ లేవండీ" అన్నది నేనే.

పళ్ళు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. కొడుకు లోపల్నుంచి బయటికి రాలేదు. ఆమె మాత్రం స్కూటరు శబ్దానికే గుర్తుపట్టి, "అయ్యగారొచ్చారు, మంచినీళ్ళివ్వండే" అని కోడలికి చెప్పింది. ఆ నీళ్ళు తాగడం నా వల్ల కాలేదు. ఆమె రెండో కంటికీ పొర వచ్చేసింది, దాన్ని మాత్రం పోయేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఆ వీధి నుంచి మూడేళ్ళపాటు మా క్యాంపుకి ఒక్కరు రాలేదు. రాని వాళ్ళందరివీ కలిపితే నా లెక్క వంద నుంచి ఎంతకి దిగుతుందో లెక్కపెట్టుకోవడం మానేశాను. షీల్డు మాత్రం ఆ ఏడాదే ఇచ్చారు. మెడలో దండ వేశారు. వంగి వేయించుకున్నాను.

అందుకే చెప్తున్నాను, నాకు నీ మీద ఉన్న భయమంతా ఒక్కటే. నువ్వు నాకంటే చురుకైనదానివి, నీకు నో అంటే పడదు. వచ్చినవాళ్ళని వెనక్కి పంపడం నేర్చుకో. పుండు, దగ్గు, పన్నులో చీము, అదుపులో లేని షుగరు, బీపీ ఉంటే ముందు వాటికి మందు, తర్వాతే కన్ను. "ఇంత దూరం వచ్చాను తల్లీ" అంటారు. తిట్టినా ఫర్వాలేదు. వాళ్ళ పేరు, ఊరు రాసుకుని, ఒళ్ళు కుదిరాక నువ్వే బస్సెక్కించు. చూపు మందగించిన ప్రతివాళ్ళకీ శుక్లమే ఉండదు. నీటికాసుల (గ్లాకోమా) వల్ల పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడమే. ఆ మాట లైన్లో నిలబెట్టి ఊరించకుండా, పక్కకి కూర్చోబెట్టి చెప్పించు. ఆపరేషను ఆసుపత్రిలోనే జరగనీ, మీ ఊళ్ళో పరీక్షలు మాత్రమే. ఈ రోజుల్లో అలాగే చేస్తున్నారట, ఆ ఒక్క సంగతికి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఫ్లెక్సీ మీద అంకె వేయించావంటే నేను అక్కడికొచ్చి చించేస్తాను. నవ్వకు. నా వయసు చూసి ఎవరూ ఏమీ అనరు. కళ్ళకి పట్టీలు కట్టుకున్నవాళ్ళని వరసగా నిలబెట్టి ఫోటోలు దిగే వెధవ అలవాటు కూడా మీ వాళ్ళకి వద్దని చెప్పు.

ఇంటికొచ్చాక చుక్కల మందు నెలా నెలన్నర వేసుకోవాలి. మొదటి వారం బాగానే వేస్తారు. తర్వాత సీసా కిటికీలో ఎండుతూ ఉంటుంది. నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చెయ్యాలని వాళ్ళకీ, వాళ్ళ కోడళ్ళకీ చెప్పు. కోడళ్ళకి చెప్పడమే ముఖ్యం, చుక్కలు వేసేది వాళ్ళే.

నువ్వు చలిలో స్వెటర్ లేకుండా తిరుగుతావు, అక్కడ పొద్దున్నే మంచు. ఈ ఉత్తరంతో పాటు మీ పెద్దమ్మ శాలువా పంపుతోంది, ఎర్రది. వద్దనకు.

ఇక అక్షరాల సంగతి. నా కుడి కంటికి శుక్లం వచ్చి రెండేళ్ళయింది. డాక్టరు చెప్తూనే ఉన్నాడు, నేను వాయిదా వేస్తూనే ఉన్నాను. ఎందుకో నీకిప్పుడు తెలిసింది. నిన్న రాత్రి ఈ ఉత్తరం రాస్తుంటే మీ పెద్దమ్మ దీపం దగ్గరకి జరిపి, "ఊరందరికీ చెప్పిన మనిషి" అని ఊరుకుంది. వచ్చే వారం షుగరు పరీక్షకి వెళ్తున్నాను. అది బాగుంటే తేదీ తీసుకుంటాను.

మీ క్యాంపు రోజున నన్ను స్టేజీ మీదకి పిలవకు. ఆపరేషనైనవాళ్ళ ఫోన్ నంబర్లు ఓ ఇరవై నాకు పంపు, పెద్ద అక్షరాలతో. చుక్కలు వేసుకుంటున్నారో లేదో రోజూ సాయంత్రం నేను ఫోన్ చేసి అడుగుతాను.

నీ పెదనాన్న