జామైన ఎంజీఏ ఇంజిన్‌కి ధర కట్టే ముందు

చి. శ్రీనుకి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పెదవాల్తేరులో ఎవరి షెడ్డులోనో ఎంజీఏ, అదే ఆ పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు, పడి ఉందంటే రాత్రి నాకే నిద్ర పట్టలేదు, నీ సంగతి చెప్పాలా? "ఇంజిన్ జామైందంతే, రీబిల్డ్ చేయించుకుంటే చాలు" అన్నాడట ఆ పెద్దమనిషి. ఆ "చాలు" అన్న మాటకే డబ్బంతా ఖర్చయ్యేది. అడ్వాన్సు ఇవ్వకు. ముందు రెండు సంగతులు తేల్చుకో. ఆ ఇంజిన్ ఆ కారుదేనా? అరిగిన సిలిండర్లని ఇంకోసారి కోయించి వెడల్పు చేయించడానికి అందులో ఇనుము మిగిలుందా?

మొదటిదాన్ని మన దేశంలో తేలిగ్గా తీసుకోకూడదు. ఎంజీఏ 1500లో ఉన్నది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల 1489 సీసీ ఇంజిన్. మన పాత పెట్రోల్ అంబాసిడర్‌లో ఉన్నదీ అదే కుటుంబం, అవే సీసీలు. అసలుది పాడైతే టాక్సీ ఇంజిన్ దించేసి పని నడిపించిన కార్లు ఉన్నాయి. నడుస్తుంది కూడా. కానీ కంప్రెషన్ తక్కువ, పైగా కొనేవాడు ఎంజీఏ ధర ఇవ్వడు. డిస్ట్రిబ్యూటర్ ఉన్న వైపు బ్లాకు మీద రివెట్లు కొట్టిన చిన్న రేకు ఉంటుంది. దాని మీద 15జీబీ అనో 15జీడీ అనో కనిపించాలి. రివెట్లు కొత్తగా మెరుస్తుంటే అనుమానించు, రేకు మార్చడం పది నిమిషాల పని. ఆ నంబరునీ ఛాసిస్ నంబరునీ ఆర్‌సీతో పోల్చు. ఇంగ్లండ్‌లో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్లకి రుసుము కడితే, కారు ఫ్యాక్టరీ నుంచి ఏ ఇంజిన్ నంబరుతో బయటికొచ్చిందో సర్టిఫికెట్ ఇస్తారు. కారు ధరతో చూస్తే ఆ రుసుము ఏపాటిది? 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు కూడా 50 ఏళ్లు దాటిన బండి అసలు రూపంలో ఉండాలంటున్నాయి, ఇంజిన్ మార్పులు కూడా లెక్కలోకి వస్తాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకప్పుడు నేనే తప్పు చేశాను. ఒకాయన బండికి బ్లాకు చిట్లిందని పాతది కిలోల లెక్కన తుక్కుకి అమ్మేసి, వేరేది బిగించి చేతులు దులుపుకున్నాను. తర్వాత ఆయన అమ్మబోతే నంబర్లు కలవలేదు. ఆయన ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. చిట్లినా అసలు బ్లాకుని పారేయకూడదు. అతుకు వేయించొచ్చు, లేదా మూల పెట్టి కారుతో పాటే ఇవ్వొచ్చు.

ఇక రెండోది. మన ఉప్పుగాలి సంగతి తెలుసుగా. ఇంజిన్ ఆగినప్పుడు ఏ సిలిండర్ వాల్వు తెరిచి ఉండిపోయిందో ఆ దారిన తేమ లోపలికి పోతుంది, తుప్పు అక్కడే పడుతుంది. అందుకే నాలుగింట్లో మూడు అద్దంలా ఉండి ఒకటే పట్టేయడం మామూలు. హుద్‌హుద్ తుఫానుకి ఆ షెడ్డు రేకులు లేచిపోయాయా అని అడుగు. లేచిపోయి ఉంటే కార్బ్యురేటర్లలోంచి వాన నీళ్లు దిగి ఉంటాయి.

ప్లగ్గులు విప్పి, ఒక్కో రంధ్రంలో కిరసనాయిలు, ఇంజినాయిల్ సగం సగం కలిపి పోసి వారం వదిలెయ్. తర్వాత చేతి హ్యాండిల్‌తో మెల్లగా అటూ ఇటూ కదిపి చూడు. బ్యాటరీ పెట్టి స్టార్టర్ తిప్పినా, జీపుకి కట్టి లాగించినా పిస్టన్ రింగులు విరిగి బోరు (సిలిండర్ లోపలి గోడ) గీరుకుపోతుంది. బాగుపడేదాన్ని మనమే చెడగొట్టినట్టు.

కదిలితే ఓనర్‌ని ఒప్పించి ఇంజిన్ పైమూత, అదే హెడ్, తీయించు. పిస్టన్ పైన మసి గీకితే సైజు అంకె కనబడొచ్చు. ఏమీ లేకపోతే స్టాండర్డ్, అంటే ఫ్యాక్టరీ సైజే అనుకోవచ్చు, సంతోషించు. 20 అంటే ఒకసారి కోసి, అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై మేర వెడల్పు చేశారని. 40 దాటితే మళ్లీ కోయడం కంటే లైనర్, అంటే సిలిండర్ లోపల కొత్త గొట్టం, వేయించడమే మంచిది. అప్పుడు ఖర్చు లెక్కే మారిపోతుంది. సిలిండర్ పై అంచు దగ్గర గోరుకి గట్టు తగిలిందంటే కింద అంత అరిగిందన్నమాట. పిస్టన్లు తిప్పే క్రాంక్ ఇరుసుకీ ఇదే లెక్క, కాకపోతే దాన్ని అరగదీసి సన్నం చేస్తారు. బేరింగ్ షెల్స్ వెనక ఎంత అండర్‌సైజో, అంటే ఎంత సన్నం చేశారో, కొట్టి ఉంటుంది. ఈ మోడల్లో క్రాంక్‌కి మెయిన్ బేరింగులు మూడే, కాబట్టి పగుళ్ల పరీక్ష చేయించకుండా గ్రైండింగ్‌కి ఇవ్వకు. ఇంజిన్ వెనక వైపు కాస్త ఆయిల్ కారితే మాత్రం దాన్ని పట్టుకుని బేరం చేయకు. అక్కడ సీలు లేదు, మరలాంటి గాడి ఒకటే ఆయిల్‌ని మళ్లీ లోపలికి తోస్తుంది. కొత్తప్పుడూ కారేది.

లేత్ షాపు వాళ్లు "అంతా అయ్యాక లెక్క చూద్దాం" అంటే ఒప్పుకోకు. కొలతలు కాగితం మీద రాయించుకో. సిలిండర్‌కి పైన, మధ్యలో, కింద, రెండు దిక్కులా. ఆ కాగితం పెట్టుకుని బేరం చేస్తే కారు ఓనరూ కోపగించుకోడు.

ఆదివారం పొద్దున్నే వస్తాను, సిలిండర్ వెడల్పు కొలిచే బోరు గేజు నా దగ్గరుంది. నువ్వు ప్లగ్ పానా, టార్చి తెచ్చుకో. మీ నాన్నకి ఇప్పుడే చెప్పకు.

ఇట్లు,
పెదనాన్న