టెక్ సందేహాలు: చవగ్గా వచ్చింది సరే, ఎన్నాళ్లు పనిచేస్తుంది?

తక్కువ ధరకు కొన్నా అనుకోనంత బాగా పనిచేస్తున్న వస్తువు మీ ఇంట్లో ఏదైనా ఉందా అని కిందటి వారం అడిగాను. విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో మెచ్చుకోలు కంటే అనుమానమే ఎక్కువ కనిపించింది. బాగానే ఉంది కానీ ఎక్కడో ఏదో తిరకాసు ఉండే ఉంటుంది కదా అని చాలామంది అడిగారు. అడగాల్సిన మాటే. ధర తగ్గిందంటే తయారుచేసినవాడు ఎక్కడో కోత పెట్టే ఉంటాడు. అట్టపెట్టెలోనో, ప్రకటనల్లోనో, పైన తొడిగే ప్లాస్టిక్‌లోనో కోసుకుంటే మనకు పోయేదేమీ లేదు. లోపలి బ్యాటరీలోనో, మెమరీ చిప్‌లోనో కోశాడంటేనే చిక్కు. ఈ వారం ఉత్తరాలన్నింటికీ ఆ కోత ఎక్కడ పడిందో వెతుకుతూనే జవాబులు రాశాను.

2016లో మా అబ్బాయి చదువు కోసం ల్యాప్‌టాప్ కొన్నాం. ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేసి కాఫీ కలుపుకొని వచ్చినా తెరుచుకునేది కాదు. ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే రూ.3,000 వస్తాయన్నారు. అరండల్‌పేటలో రిపేర్లు చేసే కుర్రాడు ఏడాది కిందట రూ.1,900కి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేసి ఇచ్చాడు. అప్పటి నుంచి కొత్తదానిలా పరుగెడుతోంది. ఇది కొన్నాళ్ల ముచ్చటేనా? — ట్యూషన్లు చెప్పే టీచర్, బ్రాడీపేట, గుంటూరు

కాదండీ. మీ ల్యాప్‌టాప్‌ను అంతకాలం సతాయించింది ప్రాసెసర్ కాదు, హార్డ్ డిస్క్. ల్యాప్‌టాప్‌లలో వచ్చే మామూలు డిస్క్ నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్క చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు. కావాల్సిన ఫైలు ఉన్న చోటు దాకా లోపలి చిన్న ముల్లు జరగాలి, ఆ చోటు తిరిగి ముల్లు కిందకు రావాలి. విండోస్ తెరుచుకునేటప్పుడు చదివేవి వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లు. ప్రతిదానికీ ఈ నిరీక్షణ ఉంటుంది. హార్డ్ డిస్క్ చోట వేసే ఎస్‌ఎస్‌డీ ఫైళ్లను చిప్‌లలో దాస్తుంది. అందులో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు కాబట్టి అదంతా మిల్లీసెకనులో పదో వంతుకు పడిపోతుంది. ఈ తేడా రేపూ ఉంటుంది, మూడేళ్ల తర్వాతా ఉంటుంది. పాత కంప్యూటర్‌కు ఏం వేయించాలని ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఇదే.

మరి కోత ఎక్కడ పడింది? చవక ఎస్‌ఎస్‌డీల్లో డీర్యామ్ అనే చిన్న చిప్ ఉండదు. రోజువారీ పనుల్లో ఆ లోటు తెలియదు. వేగంగా రాసుకునే జాగా కూడా వాటిలో కొంతే ఉంటుంది కాబట్టి, ఏ పెళ్లి వీడియోనో 40 జీబీ ఒకేసారి కాపీ చేస్తే మాత్రం మొదట జోరుగా వెళ్లి, ఆ జాగా నిండాక నత్తనడకకు దిగుతుంది. అప్పుడు చెడిపోయిందని కంగారు పడకండి. డిస్క్‌లో ఎప్పుడూ 40 జీబీ దాకా ఖాళీ ఉంచండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాని ఆరోగ్యం శాతంలో కనిపిస్తుంది, అప్పుడప్పుడు చూసుకోండి. హార్డ్ డిస్క్ పోయే ముందు తరచూ కటకటలాడుతుంది. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు చప్పుడు చేయకుండా పోతుంది. అందుకని ఆ కుర్రాడి దగ్గర పాత హార్డ్ డిస్క్ వెనక్కి తీసుకున్నారా లేదా చూసుకోండి. రెండు మూడొందలు పెట్టి యూఎస్‌బీ కేసింగ్ కొని అందులో బిగిస్తే మీ ప్రశ్నపత్రాలకు, ఫొటోలకు బ్యాకప్ తయారైనట్టే. నన్నడిగితే మీ మొత్తం ఖర్చులో అన్నిటికన్నా గిట్టుబాటయ్యేది ఈ కేసింగే.

ఇక విండోస్ సంగతి. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే తీసుకుంటుంది కాబట్టి మీదానికి అధికారికంగా రాదు. దొడ్డిదారిన ఎక్కిస్తామనే వాళ్లుంటారు. పిల్లల ఫీజుల లెక్కలు, బ్యాంకు పనులు చేసే యంత్రం మీద ఆ ప్రయోగాలు వద్దు. మీ పని బ్రౌజర్, పీడీఎఫ్, జూమ్ వరకే అయితే విండోస్‌కు బదులుగా వాడే లినక్స్ మింట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేయించుకోండి. టాలీ వాడేవాళ్లకు మాత్రం ఇది కుదరదు. ర్యామ్ 8 జీబీ చేయించాలనుకుంటే ముందు లోపలున్నది డీడీఆర్3ఎల్లా, డీడీఆర్4ఆ చూడమనండి. ఆరో తరంలో రెండు రకాలూ వచ్చాయి. ఈ మధ్య మెమరీ చిప్‌ల ధరలు పెరిగాయి కాబట్టి మీరు పెట్టిన ధరకే ఇప్పుడు మీ పొరుగువాళ్లకూ దొరుకుతుందనుకోకండి.

కొత్త ఫోనుకు ఇయర్‌ఫోన్ రంధ్రం లేదు. బీసెంట్ రోడ్డులో రూ.80కి టైప్-సి అడాప్టర్ కొన్నాను. నా ఫోన్లో పలకడం లేదు. తమ్ముడి ఫోన్లో మాత్రం పాట అదిరిపోతోంది. ఎందుకు? — డిగ్రీ విద్యార్థి, విజయవాడ

మీ అడాప్టర్ లోపల ఉన్నవి ఉత్త తీగలు. కొన్ని ఫోన్లు టైప్-సి పోర్టు ద్వారా పాటను నేరుగా ఇయర్‌ఫోన్‌కు పనికొచ్చే రూపంలోనే పంపుతాయి. వాటికి తీగలు చాలు, మీ తమ్ముడిది అలాంటిది. చాలా ఫోన్లు అంకెల రూపంలోనే పంపుతాయి. వాటికి అడాప్టర్‌లోనే డాక్ అనే చిప్ ఉండాలి. షాపులో ‘డాక్ ఉన్నది’ అని అడిగి, మీ ఫోనుకు గుచ్చి విని మరీ డబ్బులివ్వండి. బీసెంట్ రోడ్డులో బేరం ఆడటం అందరికీ వచ్చు, పెట్టి చూసి కొనడమే చాలామందికి మొహమాటం! మీ దగ్గరున్న 80 రూపాయలది తమ్ముడికి ఇచ్చేయండి.

మా తాతయ్యకు 86 ఏళ్లు. ఫోన్లో రేడియో యాప్ పెట్టిస్తే ‘నాకీ గోల వద్దురా’ అన్నారు. రూ.650 పెట్టి సెల్లులతో నడిచే చిన్న రేడియో తెచ్చాను. పొద్దున విజయవాడ కేంద్రం గంట కొట్టినట్టు వస్తోంది. రాత్రి ఏడు దాటాక బరబరమని ఒకటే రొద. తాతయ్యేమో సెట్టు మార్చుకు రమ్మంటున్నారు. — సత్యనారాయణపురం, విజయవాడ

మార్చొద్దు. సెట్టు నిక్షేపంలా ఉంది, రొద మీ ఇంట్లోదే. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, అప్పటికి మీ తాతయ్య చిన్నపిల్లాడు. మీడియం వేవ్‌లో అది వచ్చేది 837 కిలోహెర్ట్జ్ దగ్గర. ఈ మీడియం వేవ్‌కు ఇప్పటి ఇళ్లలో పెద్ద శత్రువులు చవక ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు. వాటిలో కరెంటును సెకనుకు వేలసార్లు ఆపుతూ వదులుతూ ఉండే సర్క్యూట్ ఉంటుంది. అది వెదజల్లే రొద సరిగ్గా ఈ మీడియం వేవ్ మీదే పడుతుంది. మంచి బల్బుల్లో ఆ రొదను అణిచే ఫిల్టర్ పెడతారు. చవకవాటిలో మొదట ఎగిరిపోయేది ఆ ఫిల్టరే. చూశారా, కోత పడింది రేడియోలో కాదు, మీ హాల్లో వేలాడుతున్న బల్బులో! ఏడింటికి లైట్లు వేస్తారు, ఏడింటికే రొద మొదలవుతుంది.

రుజువు కావాలంటే రాత్రి రేడియోను డాబా మీదకు తీసుకెళ్లి వినండి. శబ్దం తేటపడితే నేను చెప్పింది నిజం. కిందకొచ్చి లైట్లు, చార్జర్లు ఒక్కొక్కటిగా ఆపుతూ పోతే దొంగ దొరుకుతుంది. అన్నీ ఆపి కూర్చోవడం కుదరదు కాబట్టి ఇంకో చిట్కా ఉంది. మీడియం వేవ్‌కు యాంటెన్నా పైకి లాగే కడ్డీ కాదు, అది ఎఫ్‌ఎం కోసం. మీడియం వేవ్‌ను పట్టేది సెట్టు లోపల పొడుగ్గా పడుకోబెట్టి రాగి తీగ చుట్టిన నల్లటి ఫెర్రైట్ కడ్డీ. దానికి దిక్కు ముఖ్యం. కడ్డీ కొన ఎటు చూస్తుందో అటునుంచి వచ్చేది బాగా తగ్గిపోతుంది. కాబట్టి తాతయ్య కుర్చీ పక్కన స్టూలు మీద సెట్టు పెట్టి మెల్లగా గుండ్రంగా తిప్పండి. ఒకచోట రొద అణిగి మాట తేలుతుంది. అక్కడ స్టూలు మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. రాత్రిళ్లు దూరపు స్టేషన్లు కూడా కొట్టుకొస్తాయి, మీరు ఊళ్లోనే ఉన్నారు కాబట్టి ఆ బెడద తక్కువ.

యూఎస్‌బీ, బ్లూటూత్, టార్చిలైటు అన్నీ ఒకే డబ్బాలో ఉన్న ‘రేడియో’ కొననందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి. అలాంటివాటిలో మీడియం వేవ్‌ను తరచూ పేరుకే పెడతారు. తాతయ్య ఊరెళ్తే సెల్లులు తీసి పక్కన పెట్టండి. కారాయంటే లోపలి స్ప్రింగులు తినేస్తాయి.

ఆన్‌లైన్లో 2 టీబీ పెన్‌డ్రైవ్ రూ.499కే వచ్చింది. కంప్యూటర్‌లో 2 టీబీ అనే చూపిస్తోంది. ఇంత చవగ్గా ఎలా ఇస్తున్నారు? — మిర్చి కమీషన్ కొట్లో గుమాస్తా, గుంటూరు

ఇవ్వడం లేదు. లోపలుండేది చాలాసార్లు 32 జీబీయో, 64 జీబీయో. పెన్‌డ్రైవ్‌లోని చిన్న కంట్రోలర్ చేత 2 టీబీ అని అబద్ధం చెప్పిస్తారు. కంప్యూటర్ నమ్మేస్తుంది. మీ మొదటి ఫైళ్లు బాగానే వెళ్తాయి. అసలు జాగా నిండాక ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి కానీ తెరిస్తే లోపల ఏమీ ఉండదు, లేదా కొత్తవి పాతవాటి మీద పడతాయి. సీజన్ అంతా రైతుల లెక్కలు దాచి, చివర్లో తెరిచి చూస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డ్రైవ్‌ను చివరిదాకా నింపి, తిరిగి చదివి నిజం చెబుతుంది. అది నింపేలోగానే వెనక్కి పంపే గడువు దాటిపోకుండా చూసుకోండి, పెద్ద డ్రైవ్‌కు గంటలు పడుతుంది. ఈ ఉత్తరాల్లో మెచ్చుకోవడానికి ఏమీ దొరకనిది ఇదొక్కటే.

ఇంటి నుంచే ఉద్యోగం. రూటర్ కోసం రూ.1,100కి మినీ యూపీఎస్ కొన్నాను. కరెంటు పోయినా మీటింగ్ తెగడం లేదు. 6,000 ఎంఏహెచ్ అని రాశారు, కానీ మూడు గంటలు కూడా రావడం లేదు. మోసమా? ఇంట్లో ఇన్వర్టర్ లేదు. — పటమట, విజయవాడ

మోసం కాదు, లెక్క వేరు. లోపల 2,000 ఎంఏహెచ్ లిథియం సెల్లులు మూడు ఉంటాయి. ఆ 6,000 లెక్క 3.7 వోల్టుల మీద కట్టింది, మీ రూటర్ తీసుకునేది 12 వోల్టులు. 6,000 ఎంఏహెచ్ అంటే 6 ఆంపియర్-అవర్లు, దాన్ని 3.7తో గుణిస్తే వచ్చేది సుమారు 22 వాట్-అవర్లు. వోల్టేజీ పెంచడంలో కొంత పోతుంది. రూటర్ 7 వాట్లు లాగిందనుకుంటే రెండున్నర గంటలకు కాస్త అటూ ఇటూ. మీకు వస్తున్నది న్యాయమైన లెక్కే. ఎనిమిది గంటలు అని పెట్టె మీద రాసి ఉంటే అది అబద్ధం.

ఇంకో మాట. మీది ఇంటిదాకా ఫైబర్ వచ్చిన కనెక్షన్ అయి ఉంటుంది. దారిలో లైన్లను చీల్చే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, అందుకే వీధంతా చీకటైనా మీకు నెట్ వస్తోంది. పాత పద్ధతిలో స్తంభం మీది స్విచ్ బాక్సు నుంచి లాన్ కేబుల్ లాగిన ఇళ్లకు ఈ యూపీఎస్ కొన్నా లాభం లేదు, ఆ బాక్సే ఆరిపోతుంది. కొనే ముందు రూటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదవాలి. 9 వోల్టుల రూటర్‌కు 12 గుచ్చితే కాలిపోవచ్చు.

సెల్లుల దగ్గర కోత పడిందేమో పైకి తెలియదు. పవర్ బ్యాంకులు, చార్జర్లు, లిథియం బ్యాటరీలకు మన దేశంలో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి. వాటి మీద ఉండే ‘ఆర్’తో మొదలయ్యే నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరున ఉందో చూపిస్తుంది. నంబరే లేకపోతే ఎంత చవకైనా వద్దు. బెజవాడ మే నెల ఎండల్లో దాన్ని వేడిగా ఉండే రూటర్ మీద పెట్టకండి, పక్కన గాలి తగిలేలా పెట్టండి. డబ్బా ఉబ్బినట్టు అనిపిస్తే ఆ రోజే తీసేయండి.

2024 సెప్టెంబరు వరదల్లో రోజుల తరబడి కరెంటు లేక అవస్థ పడ్డాక, రూ.300 చొప్పున చార్జింగ్ బల్బులు రెండు కొన్నాం. భలే పనిచేస్తున్నాయి. స్విచ్ ఆపితే ఆరిపోతుంది, కరెంటు పోతే వెలుగుతుంది. రెండిట్లోనూ బల్బుకు కరెంటు అందదు కదా, తేడా దానికెలా తెలుస్తోంది? చేత్తో పట్టుకున్నా వెలుగుతోందని పిల్లలకు అదో ఆట. — అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

మంచి ప్రశ్న. మీరు స్విచ్ ఆపితే బల్బుకు వెళ్లే తీగ అక్కడే తెగినట్టు. కరెంటు పోయినప్పుడు స్విచ్ వేసే ఉంటుంది కాబట్టి బల్బు కాళ్ల నుంచి తీగల మీదుగా ఫ్యాను, ఫ్రిజ్ లాంటివాటి గుండా ఒక దారి మిగిలే ఉంటుంది. బల్బు లోపలి సర్క్యూట్ చాలా చిన్న వోల్టేజీ పంపి ఆ దారి ఉందా లేదా అని చూస్తుంది. ఉంటే వెలుగుతుంది. మీ పిల్లల వేళ్లు ఆ రెండు కాళ్ల మధ్య దారి కడుతున్నాయి. విడిగా పట్టుకున్నప్పుడు దాంతో ప్రమాదం లేదు, హోల్డర్‌లో ఉండగా మాత్రం ముట్టనివ్వకండి. మెయిన్ ఆపేస్తే కొన్ని ఇళ్లలో ఇవి వెలగవు, ఆ దారి తెగిపోవడమే కారణం.

అయితే మీ భయం వరద గురించి. ఈ బల్బు మూడు నాలుగు గంటలు వెలిగి ఆరిపోతుంది, మళ్లీ కరెంటు వస్తేగానీ చార్జింగ్ కాదు. రోజుల తరబడి చీకటికి ఇది చాలదు. యాభై రూపాయలకు దొరికే యూఎస్‌బీ ఎల్‌ఈడీ లైటు ఒకటి, నమోదు నంబరున్న 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒకటి పక్కన పెట్టుకోండి. లైటు ఒక వాటు తీసుకునేదైతే పవర్ బ్యాంకు పూర్తి చార్జింగ్‌తో దాదాపు 30 గంటలు వెలుగుతుంది, రాత్రికి ఆరు గంటల చొప్పున ఐదు రాత్రులు. ఒక్కటే జాగ్రత్త: కొన్ని పవర్ బ్యాంకులు ఇంత తక్కువ కరెంటు లాగితే ఏమీ గుచ్చలేదనుకొని వాటంతటవే ఆగిపోతాయి. లైటు గుచ్చి అరగంట వదిలేసి చూడండి. ఆగకుండా వెలిగితే మీదాంతో ఆ ఇబ్బంది లేదు.