చెల్లింపుల శేషంలో లోటు, మిగులు ఎందుకు వస్తాయి? ఎలా సరిచేస్తారు?
చెల్లింపుల శేషం అంటే దేశంలోకి వచ్చే, బయటికి పోయే విదేశీ డబ్బు లెక్క. వచ్చేదానికన్నా బయటికి పోయేది ఎక్కువైతే లోటు, తక్కువైతే మిగులు. లోటుకు చమురు ధర పెరగడం, ఎగుమతులు పడిపోవడం, పెట్టుబడులు ఒక్కసారిగా వెనక్కిపోవడం ముఖ్య కారణాలు. అసలు ప్రమాదం చివరిదే. థాయిలాండ్ ఏళ్లతరబడి స్వల్పకాలిక విదేశీ అప్పులతో నెట్టుకొచ్చింది. అవి ఆగిపోయేసరికి, తన కరెన్సీ బాత్ విలువను నిలబెట్టడానికి విదేశీ డబ్బు నిల్వలు కరగదీసి, 1997 జూలై 2న చేతులెత్తేసింది. తర్వాత ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) అప్పు తప్పలేదు.

అందుకే నిల్వలు ఖర్చుపెట్టడం తాత్కాలిక ఉపశమనమే. కరెన్సీ విలువ తగ్గితే ఎగుమతులు పుంజుకుంటాయి, కానీ దానికి నెలలు పడుతుంది. ఈలోగా దిగుమతుల బిల్లు పెరుగుతుంది. వడ్డీ రేట్లు పెంచితే పెట్టుబడులు బయటికి పోకుండా ఆగుతాయి గానీ, అప్పులు ఖరీదై ఉద్యోగాలు దెబ్బతింటాయి.

మిగులొస్తే కేంద్ర బ్యాంకు డాలర్లు కొని నిల్వ చేస్తుంది. అలా వ్యవస్థలోకి చేరిన డబ్బు ధరలను పెంచకుండా బాండ్లు (రుణపత్రాలు) అమ్మి వెనక్కి లాగుతుంది.